పొడి మీ ల్యాబులో, ద్రవం మా ఇంట్లో
శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ఉపకులపతి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతి గారికి,

అడగదలచింది ముందే అడిగేస్తాను, కారణాలు తర్వాత చెప్తాను. నెలకొక ఆదివారం మీ కెమిస్ట్రీ విభాగంలో ఒక ల్యాబును, ఇళ్లల్లో ఫిల్ము కడుక్కునేవాళ్ల కోసం తెరవండి. బొమ్మ తెప్పించే డెవలపరు పొడులు, దాన్ని నిలబెట్టే ఫిక్సరులో వేసే హైపో పొడులు ఆ రోజు మీ ఫ్యూమ్ హుడ్ కింద, తెలిసినవాళ్ల కళ్లెదుట కలుపుకుంటాం. కలిపిన ద్రవాన్ని సీసాల్లో ఇంటికి పట్టుకెళ్తాం. వాడేసిన హైపోను మళ్లీ తెచ్చి, మీ దగ్గరుండే డ్రమ్ములో పోస్తాం. మేం కోరేది ఇంతే.

ఈ మాట మీకు విడిగా అర్జీ రాసి కూడా అడగవచ్చు. పత్రికాముఖంగా రాయడానికి కారణం, ఇది మీ ఒక్కరికే చేరితే చాలదు. ఇంట్లో స్నానాలగది తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి లోపల ఏదో చేస్తున్న పిల్లాడి తల్లిదండ్రులకూ చేరాలి. తిరుపతిలో, చిత్తూరులో, మదనపల్లెలో పాత కెమెరా దులిపి మళ్లీ రీలు ఎక్కించిన ప్రతి అమ్మాయికీ అబ్బాయికీ చేరాలి. ఏ జాగ్రత్తలు నేర్పమని మిమ్మల్ని అడుగుతున్నానో, అవన్నీ ఈ లేఖలోనే రాస్తున్నాను. మీరు నిర్ణయం తీసుకునేదాకా వాళ్లకు ఇవైనా అక్కరకొస్తాయి.

నేను స్టూడియో డార్క్ రూములో పని చేసి బతికినవాణ్ణి. కొండ దిగివచ్చిన కుటుంబాలు గుండ్లతో, గంధంతో నిలబడి ఫోటో దిగడం, పుట్టువెంట్రుకలు తీయించిన పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని తీయించుకోవడం, ఊరెళ్లే బస్సు టైముకు ప్రింటు అడగడం మా ఊరి స్టూడియోలకు రోజూ ఉండే పని. చిత్తూరు బజారులో పెళ్లిళ్ల ఆల్బములు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు. ముందు గదిలో కెమెరామన్ పేరు తెచ్చుకుంటే, వెనక చీకటి గదిలో ఒక మనిషి రోజంతా ట్రేల మీద వంగి ఉండేవాడు. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి 'ఇందు' సరుకు ఆ గదుల్లో బాగా తెలిసిన పేరు. ఆ మనిషి దగ్గర కుర్రాడొకడు చేరేవాడు. మొదట ట్రేలు కడగడం, తర్వాత ప్రింట్లు ఆరబెట్టడం, చాలా రోజులకు గానీ పొడి తూయడం చేతికిచ్చేవారు కాదు. పుస్తకం లేదు, పాఠం లేదు, పక్కన మనిషి మాత్రం ఉండేవాడు. "ముందు అది వెయ్ రా, తర్వాత ఇది" అని చెయ్యి పట్టి ఆపేవాడు.

కలర్ ల్యాబులొచ్చాయి, తర్వాత డిజిటల్ వచ్చింది. చీకటి గదులు సామాన్ల గదులయ్యాయి. ఆ మనుషుల్లో కొందరు కాలం చేశారు, మిగిలినవాళ్లం వయసుమీద పడి ఇళ్లల్లో ఉన్నాం. అంతలో ఫిల్ము మళ్లీ వచ్చింది. 2024లో 'పెంటాక్స్ 17' అని కొత్త ఫిల్ము కెమెరానే వచ్చింది. లోకమంతా ఇరవయ్యేళ్ల పిల్లలు మళ్లీ రీలు కొంటున్నారు, మన పిల్లలూ అందులో ఉన్నారు. డెవలపరులో వేసే మెటాల్, హైడ్రోక్వినోన్, ఫిక్సరుకు హైపో ఇప్పుడు కొరియర్లో గుమ్మం దాకా వస్తాయి. ఎలా కలపాలో వీడియోలో కనిపిస్తుంది. కానీ చెయ్యి తప్పు సీసా మీదకు పోతుంటే వీడియో ఆపదు. సరుకు దొరుకుతోంది, పక్కన మనిషి దొరకడం లేదు. నా ఆందోళన అంతా అక్కడే.

ఈ మందులు ఎంత ప్రమాదం అని ఎవరైనా అడిగితే, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఫోటోగ్రఫీ పుట్టిన రోజుల్లో పాదరసం ఆవిరి మీద పలకను పట్టి బొమ్మ తెప్పించేవారు. ఆ తర్వాత తరంలో గాజుపలకలను పొటాషియం సైనైడుతో ఫిక్స్ చేసినవారున్నారు. ఆ రోజులతో పోలిస్తే ఇప్పటి బ్లాక్ అండ్ వైట్ మందులు చాలా సాధువులు. హైపో వెండి లవణాలను కరిగిస్తుందని జాన్ హెర్షెల్ 1819లోనే కనిపెట్టాడు. 1839లో అది ఫోటోల్లోకి వచ్చింది, ఇప్పటికీ అదే వాడుతున్నాం. కొడాక్ వారి డి-76 డెవలపరు 1927 నాటిది. ఇన్నేళ్లుగా లక్షల మంది చేతులు మారిన పని ఇది. కాబట్టి పిల్లలను భయపెట్టి మాన్పించమని నేను అనను. ఈ పనిలో ప్రమాదం రెండు చోట్ల ఎక్కువ: పొడి తూసి కలిపేటప్పుడు ఒకటి, వాడేసింది పారబోసేటప్పుడు ఇంకొకటి. ఆ మధ్యలో జరిగేదంతా పద్ధతిగా చేస్తే ఇంట్లో చేసుకోదగ్గదే. ఆ రెండు చివరలూ మీ ల్యాబులోకి తీసుకోండన్నదే నా మనవి.

మన పిల్లలకు ఇంకో చిక్కుంది. ఈ మందుల్లో చాలా పేర్లు ఇంట్లో విన్నవే. డెవలపరులో వేసే బోరాక్స్ మన వెలిగారం. ఫిక్సరులో, ఫిల్ము మీది ఎమల్షన్ పూత గట్టిపడడానికి వేసేది పటిక. కాగితం డెవలపర్లలో చాకలి సోడా. శ్రీకాళహస్తి కలంకారీవాళ్లు కరక్కాయ నీళ్లలో గుడ్డ నానబెట్టి, ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో ఊరేసి చేసిన ద్రవంతో నల్ల గీత గీసి, పటికతో ఎరుపు పట్టిస్తారు. అదీ రసాయనమే, అక్కడా వరస తప్పితే రంగు నిలవదు. మన జిల్లా మనుషుల చేతికి ఈ విద్య కొత్తది కాదు. కానీ పేరు తెలిసినంత మాత్రాన గుణం తెలిసినట్టు కాదు. వెలిగారం గుడ్డలుతికే చోట ఉండవచ్చు, పసిపిల్లల నోట్లోకి పోతే మాత్రం విషమే. చాకలి సోడా కంట్లో పడితే మండిస్తుంది. ఇంటి సరుకే కదా అని చొరవ చేసే చోటే జాగ్రత్త ఎక్కువ కావాలి.

డి-76నే తీసుకోండి. లీటరు డెవలపరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, వెలిగారం 2 గ్రాములు. ముప్పావు లీటరు నీళ్లు సుమారు 50 డిగ్రీల వేడిలో తీసుకుని వరసగా కరిగించి, చివర చల్లనీళ్లు పోసి లీటరు చేస్తారు. పిల్లలు వరస ఎందుకని అడుగుతారు, అడగాలి కూడా. సల్ఫైట్ చిక్కగా ఉన్న నీళ్లలో మెటాల్ సరిగా కరగదు, కాబట్టి మెటాల్ ముందు వేయాలి. ఉత్త నీళ్లలో వేస్తే గాలి సోకి పాడవుతుంది, అందుకని అంతకుముందు చిటికెడు సల్ఫైట్ వేయాలి. ఒకటి పూర్తిగా కరిగాకే ఇంకొకటి వేయాలి. అలా కాకుండా అన్నీ ఒకేసారి గుమ్మరిస్తే అడుగున తెల్లటి గడ్డ మిగులుతుంది. అది కరగలేదని ఇంకా వేడి చేస్తారు, గట్టిగా గిలక్కొడతారు, మొహం మీదికి చిందుతుంది. వరస తెలియకపోవడం వల్ల మందూ పాడవుతుంది, మనిషికీ ముప్పు వస్తుంది.

ఇందులో 2 గ్రాముల మెటాలే అసలు గండం. దాని పొడి సన్నగా లేస్తుంది. చర్మానికి పదేపదే తగిలితే కొందరికి దద్దుర్లు వస్తాయి, వేళ్లు పగిలి దురద పెడతాయి. ఒకసారి ఒంటికి పడకపోయిందంటే ఇక ఎప్పటికీ పడదు, తర్వాత రవ్వంత తగిలినా తిరగబెడుతుంది. పాత డార్క్ రూములవాళ్లలో పుళ్లు పడిన వేళ్లు లోకమంతటా తెలిసిన సంగతే. కలర్ డెవలపర్లలో వాడే మందులు, జుట్టుకు వేసే నల్లరంగులోని మందూ ఒకే కుటుంబానివి. జుట్టు రంగు పడనివాళ్లు కలర్ ఫిల్ము జోలికి పోకపోవడం మంచిది. మెటాల్ పడనివాళ్లకు దారి లేకపోలేదు. 1996లో కొడాక్ తెచ్చిన ఎక్స్‌టాల్ లాంటి డెవలపర్లలో మెటాల్ ఉండదు, విటమిన్ సీ జాతి మందే పని చేస్తుంది.

ఇప్పుడు మా ఊరి సంగతి చెప్తాను. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. తలుపులు, కిటికీలు మూసిన గదిలో ఫ్యాను లేకుండా ఎవరూ నిమిషం ఉండలేరు. ఆ ఫ్యాను కిందే పిల్లలు మెటాల్ తూస్తారు. పైనుంచి వచ్చే గాలి పొడిని లేపి ముక్కులోకి, గదంతా, ఆ పైన మంచం దాకా తీసుకెళ్తుంది. పొడి తూసేంతసేపూ ఫ్యాను ఆపాలి. బల్ల మీద తడిపిన పాత పేపరు పరచాలి. మాస్కు, కళ్లద్దాలు, నైట్రైల్ గ్లవ్సు వేసుకోవాలి. పొడిని నీళ్ల ఉపరితలానికి దగ్గరగా ఉంచి మెల్లగా జార్చాలి. తూయడం అయ్యాక ఆ పేపరు మడిచి కవరులో కట్టేయాలి. చెమట కారుతుందని ఆ గ్లవ్సుతోనే మొహం తుడుచుకోకూడదు. ఇవన్నీ చెప్పడం తేలిక, మూసిన గదిలో ఎండాకాలం చేయడం చాలా కష్టం. మీ ల్యాబులో ఫ్యూమ్ హుడ్ పొడినీ ఆవిరినీ మనిషి మొహం నుంచి అవతలికి లాగేస్తుంది. ఇంట్లో ఏ జాగ్రత్తా దానికి సాటి రాదు.

అందుకే పొడి ఇంటికి రాకూడదంటున్నాను. కలిపిన డి-76 నిండు సీసాలో, మూత గట్టిగా బిగిస్తే ఆరు నెలల దాకా నిలుస్తుందని కొడాక్ చెబుతుంది, సగం సీసా అయితే రెండు నెలలు. మన ఎండలకు కొంత తగ్గించి లెక్కేసుకున్నా, నెలకోసారి కలిపితే ఎవరికీ కొరత రాదు. అయిదు లీటర్లు ఒకేసారి కలిపి అయిదుగురు పంచుకోవచ్చు. 2 గ్రాములు ఇంటి తూకంలో సరిగా తేలదు. మీ ల్యాబులో 10 గ్రాములు కచ్చితంగా తూయవచ్చు. ఇది ఆరోగ్యానికీ మంచిది, నెగెటివ్‌కూ మంచిది.

ఇక యాసిడ్. డెవలపరు పని ఆపడానికి స్టాప్ బాత్ అని వాడతారు. దీనికి గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్ తెచ్చుకునేవాళ్లున్నారు. అది దాదాపు నూటికి నూరు శాతం యాసిడ్. చర్మాన్ని కాలుస్తుంది, ఆవిరి గొంతు పట్టేస్తుంది, పైగా మంటకు అంటుకుంటుంది. ఇంట్లోకి అది రావలసిన పనే లేదు. లీటరు నీళ్లలో 15 గ్రాముల నిమ్మ ఉప్పు కరిగిస్తే స్టాప్ బాత్ తయారు. వాసన ఉండదు, పని అంతే బాగా అవుతుంది. ఎప్పుడైనా గాఢమైన యాసిడ్‌తో పని పడితే, యాసిడ్‌నే నీళ్లలోకి మెల్లగా పోయాలి, యాసిడ్ మీద నీళ్లు ఎప్పుడూ పోయకూడదు. పోస్తే ఒక్కసారిగా వేడెక్కి మొహం మీదికి ఎగురుతుంది. కాస్టిక్ సోడా కలిపినా అంతే: చల్లనీళ్లలో కొంచెం కొంచెంగా వేస్తూ కలియబెట్టాలి.

ఫిక్సరు దగ్గరకొద్దాం. పాతకాలం ఎఫ్-5 ఫిక్సరులో లీటరుకు 240 గ్రాముల హైపో పడుతుంది. హైపో పలుకులు కరిగేటప్పుడు నీళ్ల వేడిని లాగేసుకుంటాయి, గిన్నె చేతికి చల్లగా తగులుతుంది. అందుకే వేడినీళ్లతో మొదలుపెడతారు. తర్వాత సల్ఫైట్, దాని తర్వాతే యాసిడ్, ఆ తర్వాత బోరిక్ యాసిడ్, చివర పటిక. సల్ఫైట్ వేయకుండా యాసిడ్ పోస్తే హైపో విరిగిపోతుంది. గంధకం పాలలాగా తెల్లగా దిగుతుంది, సల్ఫర్ డయాక్సైడ్ ఘాటు లేస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లకు అది ఊపిరి బిగపట్టించే వాయువు. సరిగా కలిపిన ఫిక్సరు కూడా కొంత ఘాటు వదులుతూనే ఉంటుంది. అందుకని ట్రే పక్కనే కింది ఎత్తులో ఎగ్జాస్ట్ ఫ్యాను ఉండాలి. నెత్తి మీద పెడితే ఆ ఘాటు మన ముక్కు దాటుకునే బయటికి పోతుంది.

మన ఇళ్లల్లో డార్క్ రూము అంటే స్నానాలగదే. ఈ విషయం ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ మూలన టాయిలెట్ కడిగే యాసిడ్ సీసా ఉంటుంది, బ్లీచింగ్ పౌడరు డబ్బా ఉంటుంది. హైపో మీద ఆ యాసిడ్ పడితే పైన చెప్పిన ఘాటే ఎన్నో రెట్లు లేస్తుంది. బ్లీచింగ్ పౌడరు, యాసిడ్ కలిస్తే క్లోరిన్ వస్తుంది. అమ్మోనియం జాతి ర్యాపిడ్ ఫిక్సరులో బ్లీచింగ్ కలిస్తే క్లోరమీన్ వాయువు వస్తుంది. మూసిన చిన్న గదిలో ఇవి ప్రాణం మీదికి తెస్తాయి. పని మొదలుపెట్టే ముందు ఆ రెండు డబ్బాలూ గది బయట పెట్టాలి. ట్రేలు కడగడానికి వాటిని వాడకూడదు, వేణ్నీళ్లు చాలు. తడి చేతులతో ఎన్లార్జరు స్విచ్చు ముట్టుకోవడం ఇంకో గండం. ఆ గదికి వచ్చే కరెంటు లైనుకు లీకేజీ పట్టుకుని ఆపే బ్రేకరు పెట్టించాలి.

కొన్ని మందులు ఇంటికి అసలు వద్దని గట్టిగా చెప్పాలి. గమ్ ప్రింట్లకు వాడే డైక్రోమేట్ క్యాన్సరు తెచ్చే క్రోమియం. సెలీనియం టోనరు విషం. గోధుమ రంగు ప్రింట్లకు వాడే సోడియం సల్ఫైడ్‌కు స్టాప్ బాత్ యాసిడ్ తగిలితే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, అదీ ప్రాణాలు తీసేదే. వీటిని నేర్చుకోవాలనుకునేవాళ్లు మీ ల్యాబులోనే, పెద్దల ముందే నేర్చుకోవాలి. నీలిరంగు సయనోటైపు ఇంట్లో చేసుకోవచ్చు. కానీ అందులో వాడే ఫెర్రీసయనైడును వేడి మీద ఉన్న గాఢమైన యాసిడ్‌కు దూరంగా ఉంచాలి, లేకపోతే సైనైడు వాయువు పుడుతుంది. కాఫీతో ఫిల్ము కడిగే పద్ధతి ఇప్పుడు పిల్లలకు బాగా నచ్చుతోంది. అమెరికాలోని రాచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 1995లో విద్యార్థులతో చేయించిన ప్రయోగం అది. ఇన్‌స్టంట్ కాఫీ పొడి, చాకలి సోడా, విటమిన్ సీ చాలు. మెటాల్ బాధ తప్పుతుంది, సంతోషమే. కానీ కాఫీతో కడిగిన ఫిల్మునూ చివరికి ఫిక్సరులోనే ముంచాలి. వెండి ఆ నీళ్లలోకే దిగుతుంది.

ఇంకో నాలుగు మాటలు ఇంట్లో పెద్దలకు. మందును కూల్‌డ్రింకు సీసాలో, మంచినీళ్ల సీసాలో పోయనివ్వకండి. మధ్యాహ్నం దాహంతో వచ్చినవాళ్లు వాసన చూసి తాగరు. మందుల ఫ్రిజ్ వేరు లేనప్పుడు వంట ఫ్రిజ్‌లో పెట్టనివ్వకండి. చల్లబరచాలంటే సీసాను బయట ఐసు నీళ్ల తొట్టిలో నిలబెట్టాలి. ఎండాకాలంలో తెల్లవారుజామున పని చేసుకుంటే ఐసు కూడా తక్కువ పడుతుంది. ప్రతి సీసా మీద తెలుగులో పెద్ద అక్షరాలతో పేరు, కలిపిన తేదీ, "విషం" అన్న మాట రాయించండి. ఇంగ్లీషు రాని అమ్మమ్మ కూడా చదవగలగాలి. చీకట్లో చదవలేం కాబట్టి డెవలపరు సీసాకు ఒక రబ్బరు బ్యాండు, స్టాప్ బాత్‌కు రెండు, ఫిక్సరుకు మూడు వేస్తే వేళ్లే చెబుతాయి. వంటింటి గరాటు, చెంబు, చెంచా డార్క్ రూములోకి వెళ్తే మళ్లీ వంటింట్లోకి రాకూడదు. ప్రింటు తీయడానికి చేతివేళ్లు కాదు, పట్టకారు. ఆ గదిలో తిండి, టీ, సిగరెట్ ఏవీ వద్దు.

కంట్లో పడితే వెంటనే కొళాయి కింద పదిహేను నిమిషాలు ఆగకుండా కడగాలి, తర్వాతే డాక్టరు దగ్గరికి. ఎవరైనా తాగితే బలవంతంగా వాంతి చేయించవద్దు. 108కి ఫోన్ చేసి, ఆ సీసాను చీటీతో సహా చేతబట్టుకుని తిరుపతిలో రుయాకో, మీకు దగ్గరున్న పెద్దాసుపత్రికో వెళ్లండి. సీసా మీద పేరుంటేనే డాక్టర్లకు ఏం చేయాలో తెలుస్తుంది.

ఇక రెండో చివర, వాడేసిన మందు. డెవలపరును బాగా నీళ్లు కలిపి, మునిసిపల్ మురుగు కాలువకు కలిసిన గొట్టంలో పోయవచ్చు. సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇళ్లవాళ్లు అదీ చేయకూడదు, ట్యాంకులో మలినాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు అది పడదు. వాడిన ఫిక్సరును మాత్రం ఎక్కడా పోయకూడదు. ఫిల్ములోంచి కరిగిన వెండి అంతా అందులోనే ఉంటుంది. బాగా వాడిన ఫిక్సరులో లీటరుకు కొన్ని గ్రాముల వెండి చేరుతుంది. వెండి నీటిలోని చిన్న ప్రాణులకు విషం. తిరుపతి చుట్టూ కొత్తగా లేచిన కాలనీల్లో ఒకే పెరట్లో సెప్టిక్ ట్యాంకూ ఉంటుంది, బోరూ ఉంటుంది. స్వర్ణముఖి ఏడాదిలో చాలా కాలం ఇసుకే. కొట్టుకుపోయేంత నీళ్లు ఏటిలో లేనప్పుడు మనం పోసింది మన నేలలోనే ఉంటుంది.

అదే వెండి ఆస్తి కూడా. వాడిన ఫిక్సరులో సన్నటి ఇనుప పీచు వేస్తే ఇనుము కరిగి వెండి అడుగున నల్లటి మడ్డిలా చేరుతుంది. మీ విద్యార్థులకు ఇది లోహాల చర్యాశీలత క్రమం మీద ఒక మంచి ప్రయోగం, పుస్తకంలో చదివే సమీకరణం కళ్లెదుట జరుగుతుంది. స్టూడియోల కాలంలో పాత హైపో కొనుక్కుని వెండి తీసుకునేవాళ్లుండేవారు. పాత ఎక్స్‌రే ఫిల్ముల కోసం ఇప్పటికీ తిరిగేవాళ్లున్నారు. ఇళ్లల్లో వచ్చే కొద్దికొద్ది లీటర్ల కోసం ఎవరూ రారు. ఒక డ్రమ్ములో చేరితేనే దానికి విలువ, అప్పుడే దానికి దారి.

ఇది నగరపాలక సంస్థ పని కదా అని మీరు అడగవచ్చు. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ఇళ్లల్లో పుట్టే ప్రమాదకర వ్యర్థాల కోసం ఇరవై చదరపు కిలోమీటర్లకు ఒక సేకరణ కేంద్రం పెట్టాలని స్థానిక సంస్థలకు చెప్పాయి. రంగు డబ్బాలు, పురుగుమందు డబ్బాలు, గడువు తీరిన మందులు ఆ జాబితాలో ఉన్నాయి. ఫిక్సరు లాంటి ద్రవం అక్కడికి తీసుకెళ్లినా, అందులో ఏముందో చూసి వేరు పెట్టగల మనిషి కావాలి. కెమిస్ట్రీ తెలిసిన మనుషులు మీ దగ్గరున్నారు. విశ్వవిద్యాలయపు ల్యాబుల్లో రోజూ రసాయనాలు వాడతారు, వాడినవాటిని వేరు చేసి పంపే పద్ధతి ఉండి తీరాలి. ఆ పద్ధతిలో మా డ్రమ్మొకటి చేర్చమంటున్నాను. 1954లో ఈ విశ్వవిద్యాలయం పుట్టింది రాయలసీమ పిల్లలు చదువు కోసం దూరాలు పోకూడదని. ఈ చదువూ వాళ్లకు దూరమవుతోంది.

ఫోను జేబులో ఉండగా ఈ కష్టమెందుకని అడిగేవాళ్లున్నారు. వాళ్లకు నా జవాబు ఒకటే. రసాయనం బోర్డు మీద అక్షరాలుగా చూసి విసిగిన పిల్ల, ట్రేలో తెల్ల కాగితం మీద తన నాయనమ్మ మొహం మెల్లగా తేలడం చూస్తే, ఆ చర్య ఎందుకు జరిగిందో తనే వెతుక్కుంటుంది. ఆ ఆసక్తిని ఇంటి ఫ్యాను కింద మెటాల్ పొడికి వదిలేయడం మన తప్పవుతుంది. వద్దంటే మానరు, తలుపు వేసుకుని చేస్తారు. తలుపు తీయించే మార్గం చూపించాలి.

ఆదివారం ఎలా జరగాలో కూడా చెప్తాను. ఉదయం తొమ్మిదికి మొదలుపెడితే మధ్యాహ్నానికి ముగుస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి గంట జాగ్రత్తలు. అది వినకుండా ఎవరికీ సీసా ఇవ్వకూడదు. తర్వాత పెద్ద కొలతలో డెవలపరు, ఫిక్సరు కలపడం. ఎమ్మెస్సీ విద్యార్థులు తూస్తారు, మా వంటి పాత చేతులు పక్కన నిలబడతాయి. సీసాలకు అక్కడే తెలుగు చీటీలు అంటించాలి. తెచ్చిన పాత ఫిక్సరు డ్రమ్ములో పోసి, ఎవరెంత తెచ్చారో పుస్తకంలో రాయాలి. జాగ్రత్తలన్నీ ఒక పేజీలో తెలుగులో అచ్చువేసి అందరికీ ఇవ్వాలి. ఇక్కడ నడిస్తే చిత్తూరులో పి.వి.కె.ఎన్. ప్రభుత్వ కళాశాలవాళ్లనూ ఇదే అడుగుతాం, అప్పుడు అక్కడి పిల్లలు సీసాలు సంచిలో పెట్టుకుని బస్సెక్కి తిరుపతి రావలసిన పని ఉండదు.

ఖర్చు మీ మీద వేయం. మందుల డబ్బు వాడేవాళ్లదే. డ్రమ్ము, గ్లవ్సు, చీటీల ఖర్చు చందా వేసుకుంటాం. వచ్చి చెప్పడానికి నాతోపాటు స్టూడియోల్లో పని చేసిన ఇంకొందరు సిద్ధంగా ఉన్నారు, జీతం అడగరు. కానీ మా వయసు మీకు తెలుసు. మేం పక్కన నిలబడగలిగినప్పుడే నేర్చుకునేవాళ్లను మా పక్కన నిలబెట్టండి. మీరు ఇవ్వవలసింది ఒక గది, ఒక ఫ్యూమ్ హుడ్, బాధ్యత తీసుకునే ఒక అధ్యాపకుడు, నెలకు సగం రోజు. మీ కెమిస్ట్రీ విభాగాధిపతిని పిలిచి మాట్లాడండి, అభ్యంతరాలుంటే చెప్పండి, వాటికి తగ్గట్టు పద్ధతి మార్చుకుంటాం. అభ్యంతరాలు లేకపోతే మొదటి ఆదివారం ఏదో ప్రకటించండి. ఆ రోజు సీసాలతో వస్తాం.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక పాత డార్క్ రూము పనివాడు,
తిరుపతి